బ్యాటరీ హెల్త్ నూటికి నూరు

ఎలిశిబా ఆదివారం ఆరాధన మానదు కాబట్టి బతికిపోయింది.

ఎల్దుర్తి ఊరి చివర ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ కిరాయికి తీసుకున్న పెంకుటింట్లో ఆ ఉదయం ఆమె ఉండాల్సింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాక్కున్న మనిషికి చర్చి ఎందుకని ఏజెంట్ రత్నాకర్ ఎంత చెప్పినా ఆమె వినలేదు. చివరికి సరే పదమ్మా అని అతనే వెంట వెళ్లాడు. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి ఇంటి పెంకులన్నీ వీధిలో ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ పేలిందన్నారు జనం. ఆ ఇంట్లో సిలిండరే లేదని రత్నాకర్‌కు తెలుసు. రాత్రే ఎవరో వచ్చి ఇంటి వెనక టైమర్ బాంబు పెట్టి పోయారు.

ఎలిశిబా రక్షణ శాఖకు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అక్కడి డ్రాయింగులు కొంతకాలంగా దేశం దాటిపోతున్నాయి. కొంటున్నది ఒక విదేశీ ముఠా. ఆ ముఠాకు ఇక్కడ ఉన్న తలకాయకు డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న కోడ్ నేమ్ 'కొంగ'. ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర ఒక ఇంజనీరు కొంగ చేతికి పెన్ డ్రైవ్ ఇస్తుండగా ఎలిశిబా కళ్లారా చూసింది. వారం తిరక్కముందే ఆ ఇంజనీరు మంజీరలో శవమై తేలాడు. ఇక కొంగ మొహం తెలిసిన సాక్షి ఆమె ఒక్కతే. ఆమె చెప్పిన గుర్తులతో ఆర్టిస్టు బొమ్మ గీశాడు గానీ, దాన్ని పట్టుకుని చూస్తే మెదక్ బస్టాండులో సగంమంది మగవాళ్లు అలాగే ఉన్నారు. మనిషి ఎదురుపడితే మాత్రం గుర్తుపడతానని ఆమె బల్లగుద్ది చెప్పింది. సోమవారం హైదరాబాద్‌లో జడ్జి ముందు ఆమె వాంగ్మూలం. అప్పటిదాకా ఆమెను ప్రాణాలతో ఉంచడమే రత్నాకర్ అసైన్‌మెంట్.

ఎల్దుర్తి ఇల్లు తెలిసింది ముగ్గురికే. చీఫ్ ఇంద్రకరణ్, రత్నాకర్, ఆమెకు వేషం మార్చి అక్కడికి చేర్చిన కృతిక. అనుమానం పెనుభూతమంటారు. రత్నాకర్‌కు జీతం వచ్చేదే ఆ భూతాన్ని మేపుతున్నందుకు.

ఎలిశిబాను మెదక్ పెద్ద చర్చి ఆవరణలో, చూడవచ్చిన జనం మధ్యలో కూర్చోబెట్టి, మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ ఆశాను పక్కన ఉంచి, అతను మెదక్ ఆఫీసుకు పరుగెత్తాడు.

ఆఫీసంటే బయటికి రియల్ ఎస్టేట్ కొట్టు. 'ప్లాట్లు అమ్మబడును' అని బోర్డు. నిజంగా ప్లాట్ల కోసం వచ్చిన వాళ్లను అటెండర్ జనార్దన్ కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ధర రెట్టింపు చెప్పి పంపించేస్తాడు. ఇక్కడ ఒక కఠినమైన రూలు ఉంది. బ్రీఫింగ్ రూములోకి చీఫ్‌తో సహా ఎవరూ ఫోన్ తీసుకుపోకూడదు. బయట జనార్దన్ దగ్గర స్టీలు ట్రేలో పెట్టి పోవాలి. ఫోనుకు చెవులుంటాయని ఇంద్రకరణ్ స్వయంగా పెట్టిన రూలది. సాక్షులను ఈ ఆఫీసు గడప తొక్కనివ్వకూడదన్నది ఇంకో రూలు.

ఇంద్రకరణ్ ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టడంటరు. నువ్వు పట్టాలె. రేపటిదాక ఆమెను ఎక్కడ పెడతవో నాక్కూడ చెప్పకు."

బయటికి వచ్చేసరికి జనార్దన్ ఫోనుకు ఛార్జింగ్ పెట్టి ఉంచాడు. ఎప్పుడూ పెడతాడు. ఈ మధ్య మీ ఫోను జర వేడైతుంది సార్, ఎండల పెట్టకుండ్రి అని హితవు చెప్పి, చాయ్ తాగిపోమన్నాడు. రత్నాకర్ నిలబడే తాగి వెళ్లిపోయాడు.

కృతిక బ్రైడల్ మేకప్ ఆర్టిస్టు. మెదక్ చుట్టుపక్కల డబ్బున్నవాళ్ల పెళ్లి ఏదైనా పెళ్లికూతురి బుగ్గ ఆమె చేతిలోనే ఉంటుంది. అందగత్తె. తనకు ఆ సంగతి తెలుసు, ఎదుటివాడికీ తెలిసేలా నడుస్తుంది. ముఠా వాళ్లు ఆమెను తమ మనిషనుకుంటారు. డిపార్ట్‌మెంట్ కూడా తన మనిషే అనుకుంటుంది. కొంగను ఆమె ఎన్నడూ చూడలేదు, ఆర్డర్లన్నీ మెసేజీల్లో వస్తాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి ఏ పడవలో దిగుతుందో రత్నాకర్‌కు ఎప్పుడూ అంతుబట్టలేదు.

పార్లర్‌లో ఎవరూ లేని సమయం చూసి వెళ్లి, ముందు ఫోన్ ఇమ్మన్నాడు. అది ప్రొటోకాల్. లోపల ఏదైనా దొంగచాటుగా వింటుంటే, మోస్తుంటే, అది తినాల్సింది బ్యాటరీనే. మనిషి అబద్ధమాడినా బ్యాటరీ ఆడదని ట్రైనింగ్‌లో నేర్పారు. రత్నాకర్ ఎవరి ఫోన్ అందుకున్నా సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ హెల్త్ పేజీ తెరుస్తాడు. ఎంత శాతం మిగిలిందో, ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో, మొదట ఎప్పుడు వాడారో చూస్తాడు.

"నా వయసడుగు చెప్త. బ్యాటరీ వయసెందుకు నీకు?" అంది కృతిక లిప్‌స్టిక్కులు సర్దుకుంటూ.

హెల్త్ డెబ్బై ఒక్క శాతం. ఛార్జింగ్ సైకిల్స్ వందల్లో. ఫోన్ కొని మూడేళ్లయిందని ఆమె చెప్పినదానికి లెక్క సరిపోయింది. ముసలి బ్యాటరీ, కానీ నిజాయితీ గలది. అయినా రత్నాకర్ నమ్మలేదు. ఒక ఎర వేశాడు. ఎలిశిబాను శంకరంపేటలో ఒక రైస్ మిల్లు గోదాములో దాస్తున్నానని కృతిక చెవిలో వేశాడు. శంకరంపేటకు గనక ఎవరైనా వస్తే దొంగ ఎవరో తేలిపోతుంది. అక్కడ ఇద్దరు పోలీసులను కాపలా పెట్టించాడు.

ఎలిశిబాను మాత్రం దుర్గమ్మ గుడి ఉన్న ఏడుపాయలకు తీసుకెళ్లాడు.

ఆదివారం ఏడుపాయలలో ఇసుక వేస్తే రాలనంత జనం. మేకలు, కోళ్లు, డప్పులు, చెట్టుకొక పొయ్యి. చర్చికి పోయే మనిషిని ఇక్కడ వెతకాలని ఎవరికి తోస్తుంది? సత్రంలో ఒక గది తీసుకుని, ఆశాను తలుపు దగ్గర కూర్చోబెట్టాడు. ఎలిశిబా కిటికీలోంచి జనాన్ని చూసి మెల్లగా నవ్వింది.

"దుర్గమ్మ నీడల దాసినవా బిడ్డా నన్ను. మంచిదే. ఆమె కూడ ఆడమనిషేనాయె."

రత్నాకర్‌కు నవ్వు రాలేదు. కిటికీకి ఎదురుగా చింతచెట్టు కింద ఇద్దరు మగవాళ్లు పెద్ద గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. పక్కన మేక లేదు, కోడి లేదు. పొయ్యి వెలిగించలేదు. వెంట ఒక్క ఆడమనిషి లేదు. ఏడుపాయలకు వచ్చి వండుకోకుండా కూర్చున్న జనాన్ని అతను ఎన్నడూ చూడలేదు. ఆశా ఫోనుతో శంకరంపేటకు కాల్ చేశాడు. గోదాము దగ్గరికి పిట్ట కూడా రాలేదన్నారు. తన ఫోన్ తీసి చూసుకుంటే, పొద్దున నిండుగా ఉన్న ఛార్జింగ్ అప్పుడే సగానికి దిగింది.

అప్పుడు తలుపు దగ్గర గజ్జెల చప్పుడైంది. మొహమంతా పసుపు, నుదుట రూపాయంత బొట్టు, నెత్తిన బోనంతో ఒకావిడ నిలబడింది. ఆశా అడ్డుపడింది. రత్నాకర్ చేయి నడుము దగ్గర పిస్టల్ మీదికి పోయింది. ఆ పసుపు కింద ఉన్నది కృతిక.

ఆమె నోరు తెరవలేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, తన ఫోన్ స్క్రీన్ అతనికి చూపించింది. దాని మీద టైప్ చేసి ఉంది: 'నీ ఫోన్ వింటుంది.' ఆ వెంటనే అతని ఫోన్ చేతిలోంచి లాక్కుని, బయట డప్పులు వాయిస్తున్న గుంపు వెనక గోడ మీద పెట్టి వచ్చింది. ఆ మోతలో ఇక ఎవరు విన్నా వినపడేది డప్పే.

"నువ్వు నాకు శంకరంపేట అన్నవు," అంది తలుపు మూసి. "కొంగ మెసేజ్ ఏడుపాయల అని వచ్చింది. ఇద్దర్ల నాకు అబద్ధం చెప్పింది నువ్వు."

రత్నాకర్ పిస్టల్ మీది చేయి తీయలేదు.

చెట్టు కింద గిన్నె పెట్టుకున్న ఇద్దరూ కొంగ మనుషులని, తాను సైగ చేస్తే లోపలికి వచ్చి పని ముగించాలన్నది ఆర్డరని ఆమె చెప్పింది. ఏ గదిలో ఉన్నారో చెప్తున్నది రత్నాకర్ ఫోనేనని కూడా కొంగ మెసేజ్‌లోనే ఉందట. నమ్మకపోతే పోయి ఆ ఫోన్ చూసుకోమంది.

అతను డప్పుల దగ్గరికి వెళ్లి ఫోన్ తీసుకుని సెట్టింగ్స్ తెరిచాడు. ఊళ్లో వాళ్లందరి ఫోన్లలో చూసిన ఆ పేజీని తన ఫోనులో ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తట్టింది. బ్యాటరీ హెల్త్ నూటికి నూరు. సైకిల్స్ పదకొండు. మొదటి వాడకం ఈ నెలే. ఫోన్ కొని రెండేళ్లు దాటింది. బ్యాటరీ అతను ఎన్నడూ మార్పించలేదు.

కొత్త బ్యాటరీ అయితే ఛార్జింగ్ నిలవాలి. నిలవడం లేదు. అంటే దాని పొట్టలో సగం బ్యాటరీ కాదు, ఇంకేదో ఉంది. సాక్షి ఎక్కడుందో ఇన్నాళ్లూ జేబులో ఫోన్ పెట్టుకుని శత్రువుకు చూపించింది తనే.

పడుకున్నా ఫోన్ తలగడ కిందే పెట్టుకునే మనిషి అతను. అది తన చేయి దాటేది లోకంలో ఒకే ఒక్కచోట. ఫోన్లు భద్రంగా ఉండాలని పెట్టిన స్టీలు ట్రేలో. కంచే చేను మేసింది.

చీఫ్‌కు ఫోన్ చేద్దామంటే చీఫ్ ఫోన్ కూడా అదే ట్రేలో ఛార్జ్ అవుతుంది. ఆ ఆఫీసు గడప తొక్కనివి కృతిక, ఆశా ఫోన్లు రెండే. కృతిక ఫోనుతో జిల్లా పోలీసులతో మాట్లాడాడు. తర్వాత గదిలోకి వచ్చి, తన ఫోన్ బల్ల మీద పెట్టి, అది బాగా వినేలా ఎలిశిబాతో చెప్పాడు.

"లెవ్వమ్మా, పోదాం. మా ఆఫీసు కంటె భద్రమైన జాగ లేదు. అక్కడ జనార్దన్ ఉంటడు, నిన్ను కంటికి రెప్పోలె చూసుకుంటడు."

కాసేపటికి చింతచెట్టు కింది ఇద్దరూ గిన్నె ఎత్తుకుని లేచారు. వాళ్ల కారు దారిలోనే పోలీసుల చేతికి చిక్కింది.

ఇప్పుడు అసలు కష్టం వచ్చింది. ఎలిశిబా చీర కట్టుకుని ఆఫీసుకు రావాల్సింది ఆశా. అంటే ఎలిశిబా ఇక్కడ కృతికతో ఒంటరిగా ఉండాలి. పొద్దున్నుంచీ తాను అనుమానించిన మనిషి చేతిలో, తాను కాపాడాల్సిన ప్రాణం. ఇది కూడా ఎరే అయితే? అతను గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పిస్టల్ తీసి కృతిక చేతిలో పెట్టాడు.

ఆఫీసు చేరేసరికి ఎండ వాలుతోంది. కొంగు ముసుగేసుకున్న ఆశా వెనక గుమ్మంలోంచి లోపలి గదిలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుంది. రత్నాకర్ ఫోన్ ట్రేలో పెట్టాడు. జనార్దన్ ఎప్పటిలాగే కేబుల్ గుచ్చాడు. అమ్మ మస్తు అలిసిపోయి ఉంటది, జర చాయ్ ఇస్తనని వంటగదిలోకి పోయి, ఒక్క కప్పు పట్టుకుని వచ్చాడు.

సరిగ్గా అప్పుడు ఇంద్రకరణ్ తన గదిలోంచి బయటికి వచ్చాడు. జరిగిందేదీ ఆయనకు తెలియదు. చాయ్ వాసన తగిలితే ఆయన కాళ్లు ఆగవు. జనార్దన్ చేతిలోని కప్పు అందుకుని, ఇంకోటి పెట్టు అంటూ నోటి దగ్గరికి ఎత్తాడు.

రత్నాకర్ జనార్దన్ మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ కదలలేదు. కొంగ నీళ్లలో ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాడు.

రత్నాకర్ చేయి విసిరాడు. కప్పు గోడకు తగిలి పగిలింది. ఆశా ముసుగు తీసి జనార్దన్ చేతులు వెనక్కి విరిచింది. ఇంద్రకరణ్‌కు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇన్నేండ్ల సంది నీ చేతి చాయే తాగిన కదా జనార్దన్."

"వద్దందామనుకున్న సార్," అన్నాడు జనార్దన్. "నోరు రాలే."

రత్నాకర్ ఆశా ఫోనుతో కృతికకు వీడియో కాల్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ మోగి ఆగిపోయింది. పిస్టల్ ఇచ్చింది తనే, తలుపు వేసి వచ్చింది తనే. ఆ గదిలో ఎలిశిబా నేల మీద పడి ఉన్నట్టు కళ్ల ముందు కనిపించింది. మూడోసారి స్క్రీన్ మీద పసుపు మొహం వచ్చింది.

"డప్పులకు వినపడలే. ఛార్జింగ్ అయిపోతుంది, జల్ది చెప్పు."

ఫోన్ ఎలిశిబాకు ఇమ్మని, కెమెరా జనార్దన్ వైపు తిప్పాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కొంగ వెంట ఈ అటెండర్‌ను ఆమె చూసిందేమో తెలిస్తే చాలనుకున్నాడు అతను. ఎలిశిబా కళ్లు చిట్లించి చూసింది.

"ఈయన ఎవలి కిందోడు కాదు బిడ్డా. గేటు కాడ పెన్ డ్రైవ్ తీసుకున్నది ఈయనే."

అంతే, స్క్రీన్ నల్లబడింది. కానీ ఆ మాట చీఫ్ విన్నాడు, ఆశా విన్నది, కొంగ కూడా విన్నాడు.

సోమవారం జడ్జి ముందు ఎలిశిబా వాంగ్మూలం ఇచ్చింది. కోర్టు మెట్ల మీద రత్నాకర్ కృతికను ఆపి, నిన్ను ఊరికే అనుమానించిన, తప్పయిందన్నాడు.

"అనుమానించకపోతే నాకే నీ మీద అనుమానమొస్తుండె," అని ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారం జరిగిన బ్రీఫింగ్‌కు మొదటిసారి కృతికను కూడా పిలిచారు. ఇంద్రకరణ్ కొత్త రూలు చదివి వినిపించాడు. ఇక ఎవరి ఫోన్ వాళ్లు ఇంట్లోనే పెట్టి రావాలి, ఆఫీసులో అటెండర్ ఉండడు, చాయ్ ఎదురుగా ఉన్న హోటల్ నుంచి వస్తుంది. అందరూ తలలూపారు. పొగలు కక్కుతున్న కప్పులు బల్ల మీదికి వచ్చాయి.

"హోటల్ ఎవలది సార్?" అని అడిగింది కృతిక.

ఆ రోజు ఎవరూ చాయ్ తాగలేదు.