తొంభై ఐదు డిగ్రీల అబద్ధం

రాజోలు అవతల రొయ్యల చెరువులో అబ్రహాము శవం తేలింది. రెండు రోజులు నానిన శవం. పీతలు కళ్ళు కొరికేశాయి. డిపార్ట్‌మెంట్‌కి రహస్యంగా సమాచారం ఇస్తున్న ల్యాబ్ టెక్నీషియన్ అతను. ఏజెంట్ కౌండిన్య ఆ ఫోటోని టేబుల్ మీద బోర్లించాడు.

"గల్ఫ్ ఉద్యోగాలకి ఉచిత మెడికల్ క్యాంప్ అన్నారు. అబ్రహాము పనిచేసింది అందులోనే," చీఫ్ చెప్పాడు. "రెండు వేల మంది చేత ట్యూబుల్లో ఉమ్మించారు. అందులోని డీఎన్ఏ చదివి, ఎవరికి ఏ జబ్బు రావచ్చో లిస్టు తీసి కంపెనీలకి అమ్ముతుంది ఒక విదేశీ ముఠా. లిస్టులో పేరున్నవాడికి ఇక పని దొరకదు. ట్యూబులు ఈ సాయంత్రం నాలుగింటికి రొయ్యల లారీలో బయల్దేరతాయి. నాశనం చెయ్యి. లోపల మన మనిషి ఉంది. డాక్టర్ పద్మశ్రీ."

మూడున్నరకి రొయ్యల మేత కంపెనీ ఏజెంటు వేషంలో కౌండిన్య ప్యాకింగ్ షెడ్డులో అడుగుపెట్టాడు. కుళ్ళిన రొయ్య తలల కంపుకి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, డాక్టర్ ఎక్కడని అడిగాడు.

తలలు తుంచుతున్న కూలి మనిషి చిన్నమ్మలు తలెత్తింది. "డాక్టరమ్మగారాండీ? వెనక గదిలో ఉన్నారు. మా ఉమ్మి సీసాలు ఐసు పెట్టెల్లో సర్దేరు. అవెందుకండీ అంత భద్రం?"

"అమ్ముకోవడానికి," కౌండిన్య నోరు జారాడు.

"ఛీ! ఉమ్మి కూడా అమ్ముకుంటారాండీ?"

వెనక గదిలో డాక్టర్ పద్మశ్రీ. పట్టుచీర, ముత్యాల కమ్మలు, ఖరీదైన సెంటు. ఆ సెంటు రొయ్యల కంపుతో కలిసి మరీ రోత పుట్టించింది.

"నీళ్ళలో ఉప్పెంతండీ?" కౌండిన్య అడిగాడు.

"పదిహేను. పోటు మీద ఇరవై." కోడ్ సరిపోయింది. పద్మశ్రీ నవ్వింది. "ట్యూబుల్ని ఆ వేడినీళ్ళ తొట్టిలో ముంచండి. తొంభై ఐదు డిగ్రీలు. డీఎన్ఏ బంధాలన్నీ తెగిపోతాయి. తర్వాత పెట్టెలు లారీ ఎక్కిద్దాం. వాళ్ళకి అనుమానం రాదు."

కౌండిన్య కదల్లేదు. "అన్నీ తెగవు డాక్టర్. రెండు పోగుల్ని జంటగా పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలే వేడికి విడిపోతాయి. ఒక్కో పోగులో చక్కెరనీ ఫాస్ఫేట్‌నీ కలిపే గట్టి కోవలెంట్ బంధాలు అలాగే ఉంటాయి. చల్లారితే పోగులు మళ్ళీ జతకడతాయి. మేం పని అయిపోయిందనుకుంటాం, వాళ్ళకి సరుకు అందుతుంది. మీకు తెలియదా?"

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. "అబ్రహాముకీ తెలుసు."

బయట లారీ హారన్ మోగింది. తలుపు అవతల అంతా వింటున్న చిన్నమ్మలు దూసుకొచ్చి గంపెడు రొయ్య తలలు పద్మశ్రీ మొహాన కుమ్మరించింది. పిస్టల్ పేలి గుండు పైకప్పు రేకులో దిగింది. కౌండిన్య పిస్టల్ లాక్కుని ఆమె చేతులకి బేడీలు వేశాడు.

"బ్లీచింగ్ పౌడర్ ఉందా?"

"ఆయ్. చెరువుకేసేది నాలుగు బస్తాలుందండీ."

"తొట్టిలో పొయ్యండి. అది ఆ గట్టి పోగుల్ని కూడా ముక్కలు చేసేస్తుంది."

పెట్టెల్లోని ట్యూబులన్నీ తీసి తొట్టి మీదున్న ఐసు దంచే మిషన్లో గుమ్మరించాడు. ప్లాస్టిక్ ముక్కలు, రెండు వేల మంది ఉమ్మి జిగురుగా బ్లీచింగ్ నీళ్ళలోకి జారాయి. సరిగ్గా నాలుగింటికి డ్రైవర్ లోపలికి వచ్చేసరికి పెట్టెల్లో ఐసు తప్ప ఏమీ లేదు.

పద్మశ్రీ కౌండిన్య మొహం మీద ఉమ్మింది.

అతను రుమాలుతో తుడుచుకున్నాడు. "క్యాంప్ అయిపోయిందండీ డాక్టర్ గారూ. ఇంక శాంపిల్స్ తీసుకోవడం లేదు."