ఒడి నింపని తల్లి

“దాని ఒడి నింపవే! ఇంకా నిలబడ్డావేం? దాన్ని బండెక్కించి నేను గుడికి పోవాలి!”

గుమ్మంలోంచి హేమకాంత్ ఝా అరుస్తున్నాడు. తల మీద పసుపుపచ్చ తలపాగా, ఒంటి మీద కొత్త పంచె. మార్గశిర పంచమి, సీతమ్మ పెళ్ళిరోజు! మిథిలలోని ఆ పల్లెలో ఏటా జనకమహారాజు పీట మీద కూర్చుని సీతమ్మను కన్యాదానం చేసేది ఆయనే. అక్కడివాళ్ళకు సీత దేవతేమిటి, ఇంటి ఆడపడుచు! రాముడు అల్లుడు. ఆయన్ని పెళ్ళిపాటల్లో నోరారా తిట్టిపోస్తారు. కానీ ఆ రోజున మాత్రం తమ పిల్లలకు ఎవరూ పెళ్ళి చెయ్యరు. ఆ తల్లి పడ్డ కష్టాలు చాలవూ...!

ఫూలదాయి చేతిలో చేట ఉంది. చేటలో బియ్యం, పసుపుకొమ్ము, గరిక. తల్లి ఒడి నింపనిదే కూతురు పుట్టింటి గడప దాటకూడదు. ఎదురుగా కొంగు పట్టుకుని నిలబడింది విభ. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఒక్కగానొక్క కూతురు!

భాద్రపదంలో కోసీ నది పొంగినప్పుడు విభ కొట్టుకుపోయి, ఎవరో పడవవాళ్ళ చేతికి చిక్కి, నెల్లాళ్ళు పరాయి ఊరి గుడారంలో బతికింది. తిరిగొచ్చిన రోజున మొగుడు కావలించుకుని ఏడ్చాడు. ఇప్పుడు ఆమెకు మూడో నెల. అత్తారి ఊరు లెక్కలు కట్టింది. నలుగురూ నాలుగు మాటలన్నారు. అంతే! ఇవాళ తెల్లారగట్ల ఆ మొగుడే పుట్టింటికని చెప్పి తీసుకొచ్చి, ఊరి బయట దింపేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

“పడమటివైపు పిల్లనివ్వొద్దురా అని ఆనాడే మొత్తుకున్నాను. సీతమ్మనిచ్చిన దిక్కది! విన్నావా?” వసారాలోంచి దెప్పింది ఆయన అక్క చంద్రమణి. “ఇప్పుడు అనుభవించు!”

“నువ్వూరుకో అక్కా!” హేమకాంత్ కసిరాడు. “మొగుడు వదిలేసిన పిల్లని ఇంట్లో పెట్టుకుంటే నన్ను ఆ పీటెక్కనిస్తారా? మా తాతల నాటి పీట! అత్తారి గుమ్మంలో దింపేస్తే వాళ్ళే ఏలుకుంటారు. జనకుడంతటివాడు తెచ్చుకున్నాడా కూతుర్ని?”

“అమ్మా, నింపెయ్యి...” విభ కొంగు చాచింది. “నావల్ల నాన్న తల దించుకోవద్దు. నేనేమీ... అమ్మా, ఆ గుడారంలో నేను...”

“చెప్పకే!” ఫూలదాయి కూతురి నోరు మూసింది. “నేను అడగను. అడిగితే నేనూ వాళ్ళలో ఒకదాన్నే అవుతాను తల్లీ!”

ఎన్నేళ్ళుగానో గుడిలో సీతమ్మ ఒడి తన చేత్తో నింపింది. అప్పగింతల పాట పాడుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది! నిండు చూలాలిని అడవిలో వదిలేశారని తెలిసిన నాడు సీతమ్మను పెంచిన తల్లి ఎలా నిద్రపోయిందో... ఒక్కనాడైనా ఆలోచించిందా తను?

ఫూలదాయి చేటెత్తింది. విభ కొంగు మీదుగా దాటించి, పొయ్యి మీద మరుగుతున్న ఎసట్లో ఆ బియ్యమంతా పోసేసింది!

“ఏమిటే ఆ పని!”

“వండుతున్నానండీ. పిల్ల ఆకలితో వచ్చింది.” ఆమె వెనక్కి తిరగలేదు. “ఇక దీని ఒడి నింపను. మీరు వెళ్ళి ఆ కూతుర్ని సాగనంపి రండి. ఈ కూతురు కదలదు!”

హేమకాంత్ తలపాగా సర్దుకుని విసవిసా వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు పొయ్యి దగ్గర ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. గుడి వైపు నుంచి సన్నాయి వినపడుతోంది.

అన్నం ఉడికేసరికి ఆయన తిరిగొచ్చాడు. తలపాగా చేతిలో ఉంది.

“పీటెక్కనివ్వలేదా?” అడిగింది చంద్రమణి.

“ఎక్కాను...” గడప మీదే కూలబడ్డాడు. “‘అల్లుడా, నా పిల్లని కళ్ళల్లో పెట్టుకుని చూసుకో’ అనాలి కదా... నోరు రాలేదక్కా! తలపాగా తీసి పక్కవాడికిచ్చాను. ‘ఈ తలపాగా మీ వంశానిది, నువ్వే తీసుకుపో, వచ్చే ఏటి నుంచి రావద్దు’ అని పెద్దలు నా చేతికే ఇచ్చేశారు.” కూతురి వైపు చూడలేక నేల చూశాడు. “అమ్మా విభా... నాకూ ఇంత పెడతావా?”

విభ భోరుమంది.

ఫూలదాయి అరిటాకులు పరిచింది. నాలుగు చాలు, అయిదు వేసింది.

“ఆ అయిదోది ఎవరికే?” అన్నాడు హేమకాంత్.

ఆమె అందరికంటే ముందు ఆ ఆకులోనే అన్నం వడ్డించి, నెయ్యి వేసి, వీధి తలుపు బార్లా తీసి పెట్టింది. అవతల సీతమ్మ పల్లకీ ఊరు దాటిపోతోంది. ఆడవాళ్ళ ఏడుపు పాట అంతకంతకూ దూరమైంది... ఆ ఆకులో అన్నం చల్లారిపోయింది.