బొమ్మల ఊరికి పుట్టమన్ను

"ఇంత థర్మకోల్ యాలప్పా? మీ పిల్లోడి స్కూలు ప్రాజెక్టా?"

మదనపల్లె స్టేషనరీ అంగట్లో అలా అడిగింది వాణి. అక్కడ సేల్స్ పని చేస్తుంది. కొనడానికొచ్చిన గిరీష్, అంగళ్లు అనే ఊరి దగ్గరి కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్.

"నాకింకా పెండ్లే కాలేదు. ఇది వార్‌గేమ్. బల్లమీద ఊరు కట్టి, వేలెడు సిపాయిలతో యుద్ధం ఆడతాం."

"యుద్ధానికి ఊరు కడతారా? బాగుండాది నీ కథ."

తర్వాత వారం వారం వచ్చాడు. ఒకసారి జిగురు, ఒకసారి అట్ట, ఒకసారి ఏమీ లేదు. ఏమీ కొనని రోజే ఎక్కువసేపు ఉన్నాడు.

ఇళ్లు అయ్యాయి. నేల మిగిలింది. ఇసుక పోస్తే సిపాయిల పక్కన రేణువులు బండరాళ్లలా కనిపించాయి.

"మీది పుంగనూరు కదా? ఒక సంచి పుట్టమన్ను కావల్ల. ఆదివారం బెంగళూరులో ప్రోగ్రాం. నువ్వూ రావల్ల."

వాణి చేతిలో కత్తెర ఆగింది.

"ఈ ఆదివారమేనా?"

"అవును."

"సరే. పుట్టమన్ను అడిగితే లేదనకూడదు."

ఆ పక్క పెళ్లికి ముందు పుట్టమన్ను తెచ్చి, అందులో నవధాన్యాలు మొలకెత్తిస్తారు. గిరీష్ చిన్నప్పటి నుంచి హాస్టల్లో చదివాడు. పుట్టమన్ను మెత్తగా ఉంటుందన్నంత వరకే అతనికి తెలుసు.

మన్ను కోసం పుంగనూరు వెళ్తే వాణి తల్లి నారాయణమ్మ పసుపు రాసిన సంచి ఇచ్చింది. దాని పైన గుడ్డలో కట్టిన గింజలు.

"సల్లగా ఉండప్పా" అంది.

వాణి బయటికి రాలేదు. మర్నాడు అంగడికి వెళ్తే, "ఇంకేం కావాలండీ?" అంది. ఆ 'అండీ' ఎక్కడి నుంచి వచ్చిందో గిరీష్‌కు అర్థం కాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గింజలు బొమ్మల ఊరి చుట్టూ చేలు వేసుకోడానికి ఇచ్చారనుకున్నాడు. మన్ను తడిపి, ఇళ్లు నిలబెట్టిన థర్మకోల్ బేస్ మీద పరిచాడు. ఇళ్ల చుట్టూ గింజలు అద్దాడు. బీటలు పడకుండా తడిగుడ్డ కప్పాడు.

శుక్రవారం గుడ్డ తీస్తే ఊరి చుట్టూ మొలకలు. ఫోటో తీసి కుప్పంలో ఉన్న తల్లి కుమారికి పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఎవురి పెండ్లిరా? నాకు సెప్పకుండా అంకురాలు పోసినావా?"

పెళ్లికి ముందు పుట్టమన్ను తెస్తారని తల్లి చెప్పాక గిరీష్ కింద కూర్చున్నాడు.

"అందుకేనా, ఆ పిల్ల నన్ను అండీ అనింది!"

"ఏ పిల్లరా?"

ఫోన్ పెట్టేశాడు. వాణి సెలవులో ఉందని అంగట్లో చెప్పారు. బేస్ ఒళ్లో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు.

తలుపు తీసింది వాణి.

"ఆదివారం నా పెండ్లి కాదు. ఇదిగో, ఈ ఊరి యుద్ధం."

వాణి బేస్ వంక చూసింది, అతని వంక చూసింది.

"మరి ఈ మొలకలేంది?"

"మీ అమ్మ ఇచ్చిన గింజలే. చేలు కావాలని అద్దినాను."

నారాయణమ్మ కూతురి వెనక నుంచి తొంగి చూసింది.

"అయ్యో! అంకురాలు పోసి పెండ్లి సెయ్యకుంటే ఎట్లప్పా?"

"నేను సేసుకుంటాను. మీ పాప ఒప్పుకోవల్ల గదా."

వాణి మొలకల్లో పడిపోయిన సిపాయిని వేలితో లేపి నిలబెట్టింది. బేస్ అందుకుని లోపలికి నడిచింది.

"ఊరు ఈడే ఉంటాది. ఆదివారం మీ అమ్మను పిల్సుకోని రా."

"మరి యుద్ధం?"

"ఓడిపోయినానని సెప్పు."