తెగిన కొత్త తాడు

“లేపొద్దు! ఎవరూ లేపొద్దు!”

జీపు ఆగకముందే ఎస్.ఐ. నాగజ్యోతి కిందికి దూకింది.

సోమందేపల్లె బజారు వీధి. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. వీరభద్రయ్య మిద్దె ముందు సర్వి కర్రల పరంజా కుప్పకూలి ఉంది. కర్రల మధ్య సుంకన్న పడి ఉన్నాడు. ప్రెషర్ మిషన్‌తో గోడలు కడిగే మేస్త్రీ. ఒక కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయింది. తల మీది పసుపు హెల్మెట్ నిలువునా చీలింది.

ఇద్దరు మనుషులు అతని చంకల కింద చేతులు పెట్టి ఉన్నారు.

“వెన్నెముక విరిగుంటే మీరే చంపుతారప్పా! చేతులు తియ్యండి. తలుపు చెక్క ఒకటి తెండి. నువ్వు, మెడ కదలకుండా పట్టుకో.”

వరండాలో మిషన్ ఇంకా గీపెడుతోంది. దాని కరెంటు వైరు నీళ్ల మడుగులో ఉంది.

“ముందు స్విచ్చు ఆపండి! ఇంకొకరు పోతారు ఈడ!”

కానిస్టేబుల్ రామాంజులు పరుగెత్తి ఆపాడు.

అప్పుడు వినిపించింది చెంపదెబ్బ.

కొట్టింది సుంకన్న భార్య నల్లమ్మ. దెబ్బ తిన్నది ఆమె తమ్ముడు కేశవ. ముగ్గురూ కలిసే ఈ పని చేస్తారు.

“కట్టింది నువ్వేగదరా! పొద్దున తాడు కట్టింది నువ్వేగదా!”

“కొత్త తాడక్కా. రెండు సుట్లు సుట్టి కట్టినా.”

“మీ బావకేమన్నా అయితే నా గడప తొక్కొద్దు. నాకు తమ్ముడు లేడనుకుంటా.”

108 వచ్చింది. సుంకన్నను చెక్కతో సహా ఎక్కించారు. నల్లమ్మ వెంట ఎక్కింది. అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరింది బండి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

కేశవ రోడ్డు మీదే నిలబడిపోయాడు.

రామాంజులు గొంతు తగ్గించాడు. “తేలిక కేసు మేడం. తాడు చీకిపోయినాది. నిర్లక్ష్యం. వీణ్ణి స్టేషన్‌కు తీసకపోదామా?”

“తొందరేముంది? ఈడనే కూర్చోబెట్టు.”

నాగజ్యోతి మేడ మెట్లెక్కింది.

పరంజాను మొదటి అంతస్తు బాల్కనీ గ్రిల్‌కు రెండు చోట్ల కొబ్బరి తాళ్లతో కట్టారు. గ్రిల్ మీద రెండు ముళ్లూ బిగువుగా అలాగే ఉన్నాయి. వాటికి జానెడు అవతల తాళ్లు తెగాయి.

“వాసన చూడు రామాంజులూ.”

“పచ్చి కొబ్బరి పీచు వాసన మేడం. కొత్తదే! అయితే కత్తితో కోసినారా?”

“కత్తితో కోస్తే కొస సమంగా ఉంటాది. ఇది చీపురు లెక్క విచ్చుకుంది, చూడు.”

తాడంతా ఎర్రటి దుమ్ము పట్టి ఉంది. ఈ ఊళ్లో గంట సేపు ఆరుబయట ఉంటే దేనికైనా పట్టే దుమ్ము. తెగిన కొసలు మాత్రం తెల్లగా ఉన్నాయి. కడిగినట్టున్నాయి. వేలితో నొక్కింది. తడి.

తాడు వెనక గ్రిల్ మీద పచ్చ రంగు సన్నటి గీతగా లేచిపోయి ఇనుము మెరుస్తోంది.

గ్రిల్‌కు తగిలించిన ప్రెషర్ గన్ వైపు చూసింది. దాని మూతికి ఎర్ర నాజిల్ ఉంది.

“కేశవను పైకి పిలువు.”

కేశవ వచ్చాడు. చెంప మీద నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి.

“గోడకు ఏ నాజిల్ వాడతారు?”

“తెల్లది మేడం. నీళ్లు విసనకర్ర లెక్క పడతాయి.”

“ఎర్రది?”

“అది సూది లెక్క కొడతాది. గోడకు పెడితే గార లేస్తాది. డబ్బాలోనుంచి బయటికే తియ్యం.”

“మరి ఇదేంది?”

కేశవ గన్ వైపు చూశాడు. అడుగు వెనక్కి వేశాడు. “నేను పెట్టలేదు మేడం. మా అక్క మీద ఒట్టు.”

“భోజనానికి ఎప్పుడు పోయినారు?”

“ఒంటిగంటకు. మిషన్ ఆపి, గన్ నొక్కి పైపులో ప్రెషర్ దింపి ఈడ తగిలిచ్చినా. ముగ్గురం హైవే పక్క హోటల్‌కు పోయినాం. రెండు కాకముందే వచ్చినాం. నేను కింద మిషన్ వేసినా. బావ ఎక్కినాడు. పైకొచ్చి బెల్టు గోడ కొక్కేనికి తగిలిచ్చుకోవల్ల. అంతలోపలే...”

కేశవ కిందికి, కూలిన కర్రల వైపు చూశాడు.

నాగజ్యోతి వంగి నేల చూసింది. గ్రిల్ కింద రెండు రక్తపు చుక్కలు. ఎండిపోయాయి. కాలితో తుడిచిన చార. సుంకన్న ఇక్కడిదాకా రానేలేదు.

ఈ తాళ్లను తెంపింది నీళ్లు. గన్ పట్టుకున్న మనిషికి ఎక్కడో దెబ్బ తగిలింది.

ఒంటిగంట, రెండు మధ్య ఈ ఇంట్లో ఎవరున్నారు?

ముగ్గురని తేలింది. వీరభద్రయ్య భార్య శాంతమ్మ. కొడుకు రవికుమార్. పెయింట్ షాపు ముఖేష్. వీరభద్రయ్య పొద్దున్నుంచీ అంగట్లోనే ఉన్నాడు. ఆ మాట వీధంతా చెప్పింది.

హాల్లో రవికుమార్ మజ్జిగ గ్లాసులు తెచ్చాడు. శాంతమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది.

“యాడుండావు రవీ ఆ గంట సేపు?”

“నా గదిలో. బెంగళూరు పార్టీతో ఫోన్లో. ఆదివారం ఇల్లు చూసేకి వస్తాండారు. అందుకే కడిగిస్తాండేది.”

“అమ్ముతాండారా?”

“కోర్టు తీర్పు రావల్ల. మా పెదనాయన కూతురు హరిత వాటా అడిగి కేసేసింది. తాత కట్టిన ఇల్లంట! తొంభైలో మా నాయన సొంతంగా కట్టినాడు.”

“మిషన్ చప్పుడు వినపడలేదా?”

“వినపడింది. మూడు దినాల నుంచి వింటానే ఉండా. వాళ్లే పని చేస్తాండారనుకుంటి.”

ముఖేష్ వైపు తిరిగింది. అతని ఎడమ చూపుడువేలికి గుడ్డకట్టు ఉంది. రామాంజులు కళ్లు దాని మీదే ఉన్నాయి.

“నువ్వెందుకొచ్చినావు?”

“పెయింట్ ఆర్డరు కోసం. రెండు కోటింగులు వేయిస్తామన్యారు. ఈ నీళ్ల మిషనోళ్లు వచ్చి, కడిగితే చాలు, పెయింటెందుకు అన్యారు. నా నోట్లో మన్ను పడింది.”

“కోపమా?”

“ఉండదా మేడం? అట్లని మనిషిని పడేస్తానా!”

“కట్టు విప్పు.”

“పుట్టీ బ్లేడు గీసుకున్యాది, నిన్న.”

విప్పాడు. నిలువు గీత. ఎండిపోయి చెక్కు కట్టి ఉంది. రామాంజులు మొహం వాడిపోయింది.

“మీరమ్మా?”

“వంటింట్లో,” అంది శాంతమ్మ. “నేను మొదట్నుంచీ వద్దంటినే. జనాలు తాగేకి నీళ్లు లేక ట్యాంకరు వెంట పరిగెత్తుతాంటే గోడలు కడిగేదేమి? ఆ పిట్టగోడన్నా వదిలెయ్యరా అంటి. వింటేగా.”

“నల్ల చారలన్నీ ఆడే ఉంటే వదిలేసేదేందమ్మా?” విసుక్కున్నాడు రవి.

నాగజ్యోతి లేచింది.

“ఉండు తల్లీ. ఆడబిడ్డ ఊరికే పోకూడదు.” శాంతమ్మ బల్ల మీది కుంకుమ భరిణెను ముందుకు జరిపింది. “పెట్టుకో.”

నాగజ్యోతి పెట్టుకుని బయటకు వచ్చింది.

వీధిలో నిలబడి పైకి చూసింది. ఈ వరసలో పాత మిద్దెలన్నిటికీ పిట్టగోడ మధ్యన గారతో చెక్కిన సంవత్సరం ఉంది. ఒక్క ఈ మిద్దె నొసలే బోడిగా ఉంది. అక్కడ సున్నం మాత్రం అట్టలు కట్టి ఉంది. సుంకన్న కడగబోయింది దాన్నే.

నాలుగు గంటలకు ఆసుపత్రికి ఫోన్ చేసింది.

“కాలు విరిగింది,” అన్నాడు డాక్టరు. “హెల్మెట్ లేకుంటే మనిషి దక్కేవాడు కాదు. స్పృహ ఇంకా రాలేదు.”

“ఇంకో మాట సార్. ప్రెషర్ మిషన్ ఎర్ర నాజిల్ నీళ్లు వేలికి తగిలితే?”

ఆమెకు పాత కేసొకటి గుర్తుంది. లారీలు కడిగే మనిషి. వేలు పోయింది.

డాక్టరు గొంతు మారింది. “ముల్లు గుచ్చుకున్నంత రంధ్రమే కనపడుతుంది. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల నీళ్లూ మురికీ చేతి పొడవునా దూరిపోతాయి. సాయంత్రానికి వాస్తుంది. ఆరు గంటల్లో ఆపరేషన్ పడాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి. ఎవరికి తగిలింది?”

“కనుక్కుంటా సార్.”

దెబ్బ తగిలినవాళ్లు తమంతట నోరు విప్పరు. విప్పకపోతే చెయ్యి పోతుంది. అనంతపురం చేరడానికే గంటన్నర.

ఐదుంబావుకు అందరినీ వరండాలోకి పిలిచింది. వీరభద్రయ్యను కూడా అంగడి నుంచి రప్పించింది. జీపు స్టార్ట్ చేసి ఉంచమని రామాంజులుకు చెప్పింది.

కేశవ మిద్దె మీద ఉన్నాడు. నడుముకు బెల్టు, బెల్టు తాడు మెట్లగది స్తంభానికి. చేతిలో వేరే గన్.

“కానీ కేశవా!”

పిట్టగోడ మీద నీళ్లు విసనకర్రలా పరుచుకున్నాయి. సున్నం పొరలు పొరలుగా ఊడి వీధిలో పడింది. ముందు ఒకటి అంకె బయటపడింది. తర్వాత తొమ్మిది. ఆరు. రెండు.

1962.

“ఇల్లు తొంభైలో కదా కట్టినారు, వీరభద్రయ్యగారూ?”

వీరభద్రయ్య మెట్టు మీద కూలబడ్డాడు.

“నాయనా?” రవి నోరు తెరిచాడు. “హరితక్క చెప్పింది నిజమా?”

“ఆ అంకెలు బయటపడకూడదని ఎవరికో ఉండింది,” అంది నాగజ్యోతి. “మిషనోళ్లు భోజనానికి పోయినారు. ఆ మనిషి ఎర్ర నాజిల్ పెట్టి, మిషన్ వేసి, నీళ్లతోనే తాళ్లు తెంపింది. చీకిపోయిన తాడని అందరూ అనుకుంటారని. నెపం కేశవ మీదికి పోతుందని. కాని పని మధ్యలో ఒక పొరపాటు జరిగింది. రవీ, ఈ చెట్ల పైపు తీసుకో. అడుగు కదపకుండా ఆ మూల కుండీకి నీళ్లు పట్టు.”

రవి పట్టాడు. నీళ్లు సగం దూరంలోనే పడ్డాయి. తెల్లబోయి చూశాడు.

“ముఖేష్, నువ్వు.”

ముఖేష్ పైపు అందుకుంటూనే బొటనవేలు మూతికి అడ్డం పెట్టాడు. నీళ్లు చిమ్ముకుంటూ మూల కుండీ దాటి పోయాయి.

“అదీ సంగతి. నీళ్లు సన్నంగా, జోరుగా పోవల్లంటే బొటనవేలు దానంతటదే మూతి మీదికి పోతాది. రోజూ చెట్లకు పట్టే చేతికి అది అలవాటు. ఎర్ర నాజిల్‌కూ అట్లే పెడితే వేలికి తూటు పడతాది. ఇందాక ఇదే పైపు కేశవకు ఇచ్చి చూసినా. వేలు పెట్టలేదు. నడుచుకుంటా కుండీ దగ్గరికే పోయినాడు. మూతి ముందర వేలు పెట్టొద్దని వాళ్ల బావ తిట్టి తిట్టి నేర్పినాడంట. బాల్కనీలో రక్తం కార్చింది మిషనోళ్ల చెయ్యి కాదు.”

ముఖేష్ తన రెండు బొటనవేళ్లనూ పైకెత్తి చూపించాడు. “నావి బాగుండాయి మేడం!”

“చూసినాలే. దించు.”

రామాంజులు తప్ప ఎవరూ నవ్వలేదు.

“ఈ చెట్లకు నీళ్లు పట్టేదెవరు రవీ?”

రవి నేల చూశాడు.

“పొద్దున ఈ ఇంట్లో మేస్త్రీ భార్యకు కూడా బొట్టు పెట్టి పనిలోకి పంపినారంట. కేశవ చెప్పినాడు. ఆడమనిషి గడప దాటితే బొట్టు పెట్టకుండా పంపని ఇల్లు. నాకు మాత్రం మధ్యాహ్నం భరిణె ముందుకు జరిపి, పెట్టుకో అన్యారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఎడమ చేత్తో బొట్టు పెట్టకూడదు. కుడి చెయ్యేమో కొంగులో నుంచి బయటికి రాలేదు.”

అందరి కళ్లూ శాంతమ్మ వైపు తిరిగాయి. జీపు ఇంజన్ ఒక్కటే వినిపిస్తోంది.

“అమ్మా, ఆ చేతికి టైము అయిపోతాంది. ఏడున్నర లోపల డాక్టరు కొయ్యకుంటే చెయ్యి దక్కదు. దాచుకునేది కాదది.”

కొంగు జారింది. బొటనవేలు వంకాయలా ఉబ్బి నిగనిగలాడుతోంది. మణికట్టు దాకా వాచింది.

“అమ్మా!” రవి అరిచాడు.

“ముల్లు గుచ్చుకుందనుకుంటి,” అంది శాంతమ్మ. “ఎర్రది కత్తి లెక్క కోస్తాదని ఆ మేస్త్రీనే చెప్పినాడు మాటల్లో. కర్రలు వాటంతటవే పడితే పని ఆగుతాది, అంతే అనుకుంటి తల్లీ. ఆయప్ప ఎక్కేది... ఎక్కేది వంటింట్లో నుంచి చూస్తిని. పిలవాలనే అనుకుంటి. నోరు రాలేదు.”

వీరభద్రయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“ముందు ఆసుపత్రి,” అంది నాగజ్యోతి. “స్టేషన్ తర్వాత. రవీ, పట్టుకుని జీపెక్కించు.”

ఫోన్ మోగింది. నల్లమ్మ.

నాగజ్యోతి స్పీకర్ నొక్కింది. కేశవ అప్పుడే మెట్లు దిగి వచ్చాడు. నడుముకు బెల్టు ఇంకా వేలాడుతోంది.

“మేడం, ఆయప్ప కండ్లు తెరిచినాడు!” నల్లమ్మ ఏడుస్తోంది. “తెరిచీ తెరవంగానే కేశవ యాడ అని అడిగినాడు. నేనేం చెప్పాల? మా తమ్ముని తాడేనా మేడం? వాడు కట్టిందేనా ఊడింది?”

కేశవ ఫోన్ దగ్గరికి జరిగాడు.

“నీ తమ్ముడు కట్టిన ముళ్లు రెండూ ఇంకా గ్రిల్‌కే ఉండాయి నల్లమ్మా. నేను లాగి చూసినా. ఊడలేదు. తాడును తెంపినారు.”

“ఎవరు? ఎవరు మేడం?”

నాగజ్యోతి జీపు వైపు చూసింది.

“పొద్దున నీ నొసట బొట్టు పెట్టిన చెయ్యే. శాంతమ్మ.”