విన్నది ఎవరు?

“ఈ మల్లి ఎవతే? ప్రతి పేజీలోనూ దూరుతోంది!”

మధ్యాహ్నం విరామంలో జడ్జి ఇయర్‌ఫోన్ తీసి విసుక్కుంది. ఆమెకు చూపు లేదు. పాఠాలన్నీ ఫోన్‌లోని చదివే యాప్ చేత చదివించుకుని వింటుంది. ఎవరికి తగవు వచ్చినా తీర్పు చెప్పేది తనే కనుక తరగతిలో అందరూ ఆమెను జడ్జి అంటారు.

తూనీగ అని అందరూ పిలిచే ఆమె స్నేహితురాలు పక్కనుంచి తెరమీదికి వంగి పకపకా నవ్వింది. “మల్లి కాదే, ‘మళ్ళీ’! నీ యాప్‌కి ‘ళ’ నోరు తిరగడం లేదు.”

కంప్యూటర్ మాస్టారు ఆ మాట విన్నారు.

“ఆ యాప్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, తప్పు దిద్ది పంపవచ్చు. ముందు అక్కడి నియమాలు చదవండి. తప్పేమిటో తెలియజేయండి. సొంత కాపీలో దిద్ది, పరీక్షించి, అప్పుడు పంపండి. యాప్‌ను చూసుకునేవారికి నచ్చితే కలుపుకుంటారు.”

ఇద్దరూ పని పంచుకున్నారు. జడ్జి రెండు వారాలు ఆటలు మానుకుని ఆరువందల వాక్యాలు విన్నది. చెవులు నొప్పిపుట్టినా, తప్పుగా పలికిన ప్రతి మాటా చెప్పి రాయించింది. తూనీగ ఆ జాబితా పట్టుకుని కోడ్‌లో నాలుగు వరుసలు దిద్ది పంపింది.

యాప్‌ను చూసుకునే ఆవిడ జవాబు రాసింది: “చాలా బాగుంది. ఇన్ని వాక్యాలు విని పరీక్షించినది ఎవరు?”

అప్పుడు జడ్జి పక్కన లేదు. కోడ్ దిద్దింది నేనేగా, అనుకుంది తూనీగ. “నేనే” అని రాసింది.

నెల తిరిగేసరికి కొత్త యాప్ వచ్చింది. మాస్టారు ఆ సంగతి చెప్పగానే తరగతిలో చప్పట్లు మోగాయి. జడ్జి యాప్‌లో ‘పనిచేసినవారు’ అన్న పేజీ తెరిచి, ఫోన్ చెవికి ఆనించుకుంది. చివరివరకూ విని, మొదటినుంచి ఇంకోసారి విన్నది.

“‘ళ’ చక్కగా పలుకుతోంది. నా పేరే పలకడం లేదు.”

“వాళ్ళు మరిచిపోయారేమోనే...”

“ఎవరు విన్నారని అడగలేదా?”

“అడిగారు.”

“ఏమన్నావు?”

తూనీగ పుస్తకం పేజీలు తిప్పసాగింది. జడ్జి సంచి సర్దుకుంది. బల్లల అంచులు తడుముకుంటూ వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది.

సాయంత్రం తూనీగ మాస్టారికి జరిగింది చెప్పింది. “అక్కడ రాసింది చెరిపేయవచ్చా, మాస్టారూ?”

“చెరిపినా, చెరిపినట్టు అందరికీ తెలుస్తుంది. దాని కింద నిజం రాయవచ్చు. అదీ అందరికీ తెలుస్తుంది.”

మూడు రోజులు తూనీగ రాసింది రాసినట్టే చెరిపింది. నాలుగో రోజు ఫోన్‌లో రాసుకుని వెనక వరుసకు వెళ్ళింది.

“నీకొకటి చదవాలి.”

“చదువు.”

“‘పైన నేను అబద్ధం రాశాను. వాక్యాలన్నీ విన్నది నేను కాదు, నా స్నేహితురాలు...’”

“ఆగు. ఆ మాట తీసెయ్.”

“ఏ మాట?”

“స్నేహితురాలు. అక్కడ నా పేరు రాయి.”

తూనీగ ఆ మాటను ఒక్కొక్క అక్షరమే చెరిపింది. ఖాళీ అయిన చోట పేరు రాసింది.

“పంపనా?”

“ఇటివ్వు. ముందు నేను వినాలి.”

జడ్జి ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. ఫోన్‌లోని యాప్ బిగ్గరగా చదువుతుంటే తరగతిలోని తలలన్నీ అటు తిరిగాయి. తూనీగ తల దించుకోలేదు. చివరి మాటదాకా అక్కడే నిలబడి, ఫోన్ తీసుకుని, పంపించింది.