మూడో గదిలో ఎర్రగీత

ఆ టెస్టింగ్ ల్యాబులో మూడో గది మంచిది కాదని ఊరంతా చెప్పుకునేవాళ్లు. పక్క ఊరు కూడా చెప్పుకునేది. జానెడు మందం ఇనుప తలుపు, గోడల నిండా ముళ్లలా పొడుచుకొచ్చిన నీలం స్పాంజి. లోపల తుమ్మితే తుమ్మిన ముక్కుకే వినపడదు! అందులోకి వెళ్లిన ఏ వస్తువూ పాసవదు. ఒక ఇస్త్రీపెట్టె అయితే ఇంటికొచ్చాక మళ్లీ వేడెక్కనే లేదట... అంత జడుసుకుంది.

అలాంటి గదికి మూడోసారి వచ్చింది పిన్ని. వీధి వీధంతా ఆవిణ్ణి పిలిచేది అలాగే. చిన్నపిల్లలు తప్పిపోతే ఎక్కడున్నారో చెప్పే, చొక్కాకు తగిలించే ఎలక్ట్రానిక్ బిళ్ల ఒకటి చేసింది. తోడికోడలూ తానూ వంటింటి బల్ల మీద రెండేళ్లు నడుం విరిగేలా కూర్చుని చేశారు. పొద్దున్నే లారీ వస్తుంది. సర్టిఫికెట్టు చేతిలో ఉంటే ఆరు వందల బిళ్లలూ దుకాణాలకెళ్తాయి. లేకపోతే పెట్టెలన్నీ మంచం కిందకి, లారీలో చోటు ఇంకొకరి సరుక్కి.

పగలంతా ల్యాబు పెద్ద కంపెనీలది. ఇలాంటివాళ్లకు మిగిలేది అర్ధరాత్రి, ఈ మూడో గదే.

ఎలక్ట్రానిక్ వస్తువన్నాక చెవికి వినపడని రేడియో తరంగాల రొద ఏదో చేస్తూనే ఉంటుంది. పక్క వస్తువుల్ని చెడగొట్టేంత చెయ్యకూడదు, అంతే. కొలిచిన రొద తెర మీద పచ్చగీతగా పాకుతుంది, దాని పైన ఒక ఎర్రగీత ఉంటుంది. రొద అది దాటిందా, ఫెయిలు.

బిళ్లను లోపల పెట్టి, లైట్లు ఆర్పి, తలుపు బిగించాడు టెస్టరు. ఏనుగంత మనిషి. ఆ మీసంతో గుమ్మం దాటాలంటే పక్కకు తిరగాల్సిందే. అయినా తలుపు బిగించగానే మూడడుగులు వెనక్కి వేశాడు.

పచ్చగీత పాకింది... పాకింది... చివాల్న లేచి ఎర్రగీతను పొడిచింది.

"మళ్లీ అక్కడే చెల్లెమ్మా," గుసగుసగా అన్నాడు.

"మూడుసార్లూ ఒకే చోటా?"

"దానికి అక్కడే ఇష్టం."

"దేనికి?"

టెస్టరు మీసం తడుముకుంటూ తలుపు గడియ ఇంకోసారి సరిచూశాడు.

తోడికోడలికి ఏ మొహంతో చెప్పాలి? పిన్ని విసురుగా లేచి, తలుపు తీయించి, బిళ్లలోంచి బ్యాటరీ పీకి పిడికిట్లో బిగించింది.

"ఇప్పుడు తలుపేసి కొలువు అన్నయ్యా."

"ప్రాణం లేనిదాన్ని కొలిచేదేంటమ్మా..."

"కొలవమన్నానా!"

పచ్చగీత పాకింది... పాకింది — లేచింది. అదే చోట. అంతే ఎత్తు.

బ్యాటరీ పిన్ని పిడికిట్లోనే ఉంది.

లోపలి కెమెరా తెర మీద కాటుకలాంటి చీకటి. ఆ చీకట్లో, ఎడమ మూల, స్పాంజి ముళ్ల మధ్య... మసక వెలుగు.

"చూడకు తల్లీ..."

ఇంకొకరైతే పరుగందుకుని సముద్రం దాకా ఆగేవాళ్లు కాదు. పిన్నికి దెయ్యం కంటే లారీ పెద్దది. తలుపు తోసుకుని వెళ్లింది. తన అడుగులే తనకు వినపడలేదు. వినపడిందల్లా గుండె — దబ్... దబ్... మూలకు చేరి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. ఏదో వెచ్చగా తగిలింది. లాగింది.

ప్లాస్టిక్ బాతు! పొట్టలో దీపం. ఏ పరీక్షా పాసైన ముద్ర లేని చవక సరుకు. రొద మాత్రం రైలింజనంత.

"ఎవరిదిది?"

టెస్టరు ఎంతలా తల దించాడంటే మీసం చొక్కా గుండీలకు చిక్కుకుంది. "నేనే పెట్టానమ్మా. చీకట్లో ఉంచితే కోపమొచ్చి బయటికొస్తుందేమోనని..."

"ఏది?"

"లోపలున్నది."

"పరీక్షకు ముందు ఖాళీ గదిని కొలవాలి కదయ్యా! కొలిచుంటే ఈ బాతు ఏనాడో దొరికేది!"

"ఖాళీ గదిలో ఏదైనా కనపడితే... నేనేమైపోవాలి చెల్లెమ్మా?"

పిన్నికి నవ్వాలో, ఆ మీసం పట్టుకుని ఉయ్యాల ఊగాలో తెలియలేదు. దెయ్యానికి జడిసి ఈయన దీపం పెట్టాడు. దీపం రొదకు వస్తువులు ఫెయిలయ్యాయి. అవి ఫెయిలైనకొద్దీ ఈయనకు దెయ్యం మీద గురి కుదిరింది!

బాతు బ్యాటరీ పీకేసింది. తన బిళ్లకు బ్యాటరీ వేసి గదిలోని బల్ల మీద పెట్టి, బాతుతో బయటికొచ్చింది. తలుపు బిగిసింది. పచ్చగీత నిద్రపోతున్న పిల్లిలా, ఎర్రగీతకు బారెడు కింద, తోక కూడా కదపకుండా పడుకుంది.

"పాస్!"

కాగితం బయటికొచ్చింది. టెస్టరు సంతకానికి కలం ఎత్తాడు. ఎత్తిన కలం ఎత్తినట్టే ఆగిపోయింది. చూపు కెమెరా తెర మీద...

ఎడమ మూల. మసక వెలుగు.

"చెల్లెమ్మా... బాతు?"

"నా ఒళ్లోనే ఉంది."

పిన్ని పచ్చగీత వంక చూసింది. ఆ వెలుగుకు రొద లేదు. రవ్వంత కూడా లేదు. అంత శుభ్రమైన దీపాన్ని ఈ లోకంలో ఎవరూ ఇంకా తయారు చెయ్యలేదు.

"ముందు... సంతకం పెట్టు అన్నయ్యా."

పెట్టాడు. సిరా ఆరకముందే కాగితం లాక్కుంది.

"మరి లోపల నీ బిళ్ల?"

పిన్ని అప్పటికే మెట్లు రెండేసి దిగుతోంది.

"దాన్నే ఉంచుకోమను! పిల్లలుంటే పనికొస్తుంది!"