చదవకుండా పెట్టిన సంతకం

శనివారం పొద్దున్నే స్తోయాదిన్ పెరట్లో రేకు పొయ్యి ముందు కూర్చుని లావుపాటి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాడు. చలికాలానికి పచ్చడి పెట్టాలి. పక్కనే భార్య దెసాంక తొక్కలు ఒలుస్తోంది. సెప్టెంబరు వచ్చిందంటే సెర్బియాలోని ఆ చాచక్ ఊరంతా అదే వాసన.

"మాడ్చేస్తున్నావయ్యా! నలభై ఏళ్ళు బస్సు నడిపావు గానీ నాలుగు కాయలు తిప్పడం రాలేదు," అంది దెసాంక.

"బస్సుకి తొక్క ఒలవక్కర్లేదే," అని నవ్వాడతను.

నవ్వుకోవడానికి కారణం ఉంది మరి. కూతురు తియాన కారు వాయిదాల్లో ఆఖరిదైన నలభై ఎనిమిదోది నిన్ననే కట్టేసింది. తియాన నర్సు. కొండపల్లెల్లో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సూదులు వేస్తుంది, పుళ్ళకు కట్లు మారుస్తుంది. సొంత బండి ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం. బండి పోతే ఉద్యోగమూ పోయినట్టే.

తొమ్మిదింటికి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. తియాన గుమ్మంలోనే చింపి చదివింది. ముఖం పాలిపోయింది.

"నాన్నా, ఇంకా ఐదువేల రెండు వందల యూరోలు కట్టాలట. ఒక్కసారే! నెలాఖరులోగా కట్టకపోతే బండి వాళ్ళు తీసుకెళ్ళిపోతారట."

"పొరపాటున వచ్చుంటుంది తల్లీ. రాతొమిర్‌కి ఫోన్ చెయ్యి."

రాతొమిర్ ఆ ఇంటికి కుమ్. అంటే స్తోయాదిన్ పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, పుట్టిన బిడ్డకు తియాన అని పేరు పెట్టినవాడు. అక్కడ తోడబుట్టినవాడి మాటైనా కాదంటారు గానీ, కుమ్ మాట కాదనరు. కార్ల షోరూంలో పనిచేస్తూ ఈ బండి ఇప్పించిందీ అతనే. "సున్నా వడ్డీ, నలభై ఎనిమిది నెలలు, ఆ తర్వాత బండి నీదే తల్లీ," అని అందరూ వినేలా చెప్పాడు.

గంటలో వచ్చాడు. దెసాంక మర్యాద తప్పకుండా చెర్రీపళ్ళ పాకం, మంచినీళ్ళు, కాఫీ పెట్టింది. అతను ఉత్తరం వైపైనా చూడకుండా సంచిలోంచి కొత్త కాగితాలు తీశాడు.

"కంగారెందుకు? అది ఆఖరి పెద్ద వాయిదా. అందరికీ ఉండేదే. దాన్ని మూడేళ్ళకు చిన్న వాయిదాలుగా మార్పిస్తాను. నెలకి నూట తొంభై. ఈ అవకాశానికి ఇవాళ మధ్యాహ్నంతో గడువైపోతుంది, ఇక్కడ సంతకం పెట్టమ్మా."

"అందరికీ ఉండేదైతే ఆ రోజు నోరు విప్పి చెప్పలేదేం అన్నయ్యా?" అంది దెసాంక.

"ఆనాటి ఒప్పందం ఏడో పేజీలో ఉంది చెల్లెమ్మా."

తియాన పెన్ను అందుకుంది. అది చూసి స్తోయాదిన్‌కి పాత సంగతి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ క్రితం షోరూంలో ఈ పిల్లే, "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని రేపు సంతకం పెడతాను నాన్నా," అంది. తనే కసిరాడు. "నీకు పేరు పెట్టిన మనిషి ముందు కాగితాలు తిరగేస్తావా? నా పరువు తీస్తావా?" పిల్ల ముఖం కందిపోయి, తల వంచుకుని సంతకం పెట్టింది.

"ఆగు తల్లీ," అన్నాడు. మసి చేతులతోనే కాగితాలు లాక్కున్నాడు. "కుమ్, మొత్తం ఎంతవుతుంది?"

"చెప్పానుగా, నెలకి..."

"నెలకి కాదు. మొత్తం!"

తియానే లెక్క కట్టింది. "ఆరువేల ఎనిమిది వందల నలభై నాన్నా. మూడో పేజీలో సేవా రుసుమని ఇంకో మూడు వందలు రాశారు."

"ఇన్నేళ్ళ కుమ్‌ని నిలదీస్తున్నావా?" అన్నాడు రాతొమిర్.

"నిలదీస్తున్నాను. నోటితో చెప్పేవన్నీ రాసివ్వు. కాగితాలు ఇక్కడ పెట్టు, లాయరుకి చూపించి చెబుతాం."

"రేపటికి ఈ అవకాశం ఉండదు."

"లేకపోతే మానె. ఒక్క మాట చెప్పు. ఆ పెద్ద వాయిదా సంగతి నీకు ఆ రోజే తెలుసా?"

రాతొమిర్ సంచి మూశాడు. "తెలుసు. చెబితే కొనేవాళ్ళా? నాకూ ఇల్లు గడవాలి కదయ్యా."

కాఫీ ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు. దెసాంక నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఇంటికి ఇక కుమ్ లేడు.

"నాన్నా, ఆ రోజే ఈ మాట అడిగి ఉంటే?" అంది తియాన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

స్తోయాదిన్‌కి దుఃఖం ఆగలేదు. "నువ్వు అడిగావమ్మా. నేనే నోరు మూయించాను. వాడు దాచిపెట్టాడు, నిజమే. నేనో? నీకు చదువు చెప్పించి మరీ చదవొద్దన్నాను!"

తియాన వచ్చి పక్కన కూర్చుంది. "సోమవారం వినియోగదారుల సంఘానికి వెళ్తాను. బండి దక్కుతుందన్న ఆశ లేదు. ఆయన నోటితో చెప్పినదానికి రుజువేముంది?"

"నేనున్నాను. నా చెవులతో విన్నాను. వస్తాను."

"కుమ్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతావా నాన్నా? ఊళ్ళో నీ ముఖం ఎవరైనా చూస్తారా?"

"నువ్వు చూస్తే చాలు," అన్నాడు స్తోయాదిన్. తియాన తండ్రి భుజమ్మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.